హెడర్లు బిగించాక మిరపకాయ చూపిన కన్నం

2023 ఫిబ్రవరి 16, గురువారం. గుంటూరులో మా కార్ల వర్క్‌షాప్‌కి అప్పటికి ముప్పై ఏడేళ్లు, నాకు అరవై ఎనిమిది. మా ఆయన పోయాక స్పానర్లు నేనే పట్టాను. చేసిన ప్రతి పనికీ తేదీ, కొలతలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అందుకే ఈ సంగతి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

ఆ రోజు పొదిలి నుంచి సువార్త కారుకి కొత్త హెడర్లు, అంటే ఇంజిను పొగను బయటికి పంపే గొట్టాలు, తెచ్చుకుని వచ్చింది. స్కూల్లో ఆటల టీచరు. శనివారం ఆటోక్రాస్‌లో దిగుతోంది. అంటే మట్టి ట్రాక్ మీద ఒక్కో కారే తిరుగుతుంది, ఎవరు తక్కువ టైములో పూర్తి చేస్తే వాళ్లది గెలుపు. కిందటి రెండుసార్లూ ఆమె కారు సగంలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే కారు అమ్మేస్తానని వాళ్ల నాన్న ఏసుపాదం మాస్టారు తేల్చి చెప్పారట. ఆయనా వెంట వచ్చారు.

"ఈ హెడర్లు పెడితే గెలుస్తుందా అమ్మగారూ?"

"కారు ఊపిరి తేలిగ్గా వదులుతుంది మాస్టారూ. గెలవడం మీ అమ్మాయి పని."

కారుతో వచ్చే మానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగా ఒక పోత ఇనుప పెట్టెలో పడి తోసుకుంటుంది. హెడర్లలో ఒక్కో సిలిండరుకీ ఒక్కో గొట్టం, అన్నీ దాదాపు ఒకే పొడవు. టేపుతో కొలిచాను. నాలుగింటికీ తేడా ఆరు మిల్లీమీటర్లే! పొంగిపోయాను. పాత మానిఫోల్డ్‌ను పట్టి ఉంచే తుప్పు పట్టిన స్టడ్లకు, అంటే మరలకు, నూనె పట్టించి ఆ పూటకు వదిలేశాను. శుక్రవారం ఉదయం పాతది విప్పితే ఒక్క స్టడ్డూ విరగలేదు. అతుకులోంచి పొగ కారకుండా కొత్త గాస్కెట్ వేసి, నట్లు మధ్య నుంచి అంచులకు బిగించుకొచ్చాను. పదకొండుంబావుకి స్టార్ట్ చేయించాను. ఆ మోత వింటే ఈ వయసులోనూ ఒళ్లు పులకరించింది.

"మామ్మగారూ, పులి లేచింది!" అని సువార్త లోపల నుంచి అరిచింది.

తొమ్మిది నిమిషాలు గడిచాయి. అద్దాలు మూసుకుని కూర్చున్న ఆ పిల్ల ఒక్కసారిగా దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి దూకింది. బానెట్ ఎత్తితే గుప్పున మిరప ఘాటు. ముగ్గురమూ పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాం.

"ఇందులో మిరపకాయలెక్కడివి మాస్టారూ?"

ఆయన తల గోక్కున్నారు. "ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని రెండు గుప్పెళ్లు పోశానండి. సంక్రాంతి ముందు."

"నాన్నా, కారుకి తాలింపు పెట్టావా!"

ఇంజిను వెనక వేడిని ఆపే దళసరి గుడ్డ కింద దాగిన కాయల్ని, పాతదాని కన్నా పల్చనైన హెడర్ల వేడి వేయించేసింది. పైపైన తుడిచి, ఆ గుడ్డ ఎత్తి చూడకపోవడం నా తప్పు. కాయలు ఏరేశాక సువార్త తాళం అందుకుంది.

"ఇక బయల్దేరతాను మామ్మగారూ. సాయంత్రం ఐదుకి కారు తనిఖీకి చూపించాలి."

"తాళం ఇటివ్వు. పొగ లోపలికి ఎలా వచ్చిందో చూశాకే."

"మిరప్పొగేగా, పోతుంది!"

"మిరప్పొగ పోతుంది. అది వచ్చిన దారి పోదు. రేపు గాస్కెట్ లీకైతే అదే దారిన కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసనుండదు, దగ్గు రాదు. స్టీరింగ్ మీదే నిద్రపోతావు."

ఆమె తాళం నా చేతిలో పెట్టింది. డాష్‌బోర్డ్ కింది భాగం విప్పాం. ఇంజిను వైపు నుంచి వైర్లు లోపలికి దాటే చోట రబ్బరు బిరడా లేదు. ఎలుకలు ఎప్పుడో తినేశాయి. కన్నం ఇరవై రెండు మిల్లీమీటర్లు. కొత్త బిరడా పెట్టి, పైన రేకు బిగించి, వేడి చల్లారాక హెడర్ల నట్లు మళ్లీ సరిచూశాను. అప్పటికి ఒంటిగంటా నలభై. ఇంజిను మళ్లీ స్టార్ట్ చేయించి, ఏరేసిన మిరపకాయ ఒకటి గొట్టం మీద వేసి, ఈసారి అద్దాలు మూసుకుని నేనే లోపల కూర్చున్నాను. బయట మాస్టారు దగ్గుతున్నారు. నాకేమీ లేదు. "హాయిగా ఉంది!" అని లోపలి నుంచి అరిచాను.

సువార్త ఐదుకి ఎనిమిది నిమిషాల ముందు తనిఖీకి చేరింది. శనివారం మూడు రౌండ్లూ పూర్తి చేసి నాలుగో స్థానంలో వచ్చింది. ఫోన్ చేసింది మాస్టారు. "ఆగలేదండీ, ఎక్కడా ఆగలేదు!" అన్న మాటే నాలుగుసార్లు అన్నారు.

ఇంజిను బయట నిలబడి మోత విని మురిసిపోవడం సగం పనేనని నాకు ఆ శుక్రవారం తెలిసింది. అప్పటి నుంచి హెడర్లు వేసిన ప్రతి కారులోనూ గొట్టం మీద ఒక మిరపకాయ వేసి, అద్దాలు మూసి పావుగంట నేను కూర్చుంటాను. ఆ తర్వాతే తాళం ఇస్తాను.