ముహూర్తం కోసం ఆపిన గది

ఫిల్మ్ నగర్ మలుపులో కొత్త హోర్డింగ్ వెలిసింది. ప్రసవానికి సూట్ గది, మెత్తని సంగీతం, చూడ్డానికి వచ్చేవాళ్లకు ఫలహారాలు. పురుడా, పెళ్లివారి విడిదా అని నవ్వుకోబోయాను. ఎనిమిదేళ్ల కిందటి ఒక ఉదయం గుర్తొచ్చింది.

మా బావగారు నిర్మాత. ఫస్ట్ షాట్‌కీ, గుమ్మడికాయ కొట్టడానికీ, చివరికి పన్ను పీకించుకోవడానికీ సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టాల్సిందే. ఆ ముహూర్తాలకు తీసిన సినిమాలను మూడో రోజుకే హాళ్లవాళ్లు ఎత్తేసేవారు, అయినా ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. అలాంటి మనిషి సొంత కూతురి పురుడు దేవుడికి వదిలేస్తాడా? పదకొండు నలభైకి ఆపరేషన్ చేసి బిడ్డను తియ్యాలని రాయించుకొచ్చారు. జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఒక్కటే. దాన్ని పొద్దుటి నుంచీ మా కోసం ఆపి ఉంచారు. మేమంతా పట్టుచీరలు కట్టుకుని వెళ్లి, ఇడ్లీలు తింటూ కూర్చున్నాం.

ఫ్లాస్కులూ సంచులూ మోయడానికి మా పనిమనిషిని వెంటబెట్టుకెళ్లాను. ఆమెకు తొమ్మిదో నెల. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అప్పుడు వెయ్యలేదు. వరండాలో ఆమె గోడ పట్టుకుని, "అమ్మా, నెత్తురు పోతుంది. జర ఎవరినన్నా పిలువు" అంది. నర్సు వచ్చి చూసి, వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే బిడ్డ దక్కదంది. పెద్ద డాక్టరమ్మ మా బావగారి మొహం చూసింది.

"ఇంకా గంట పైనే ఉంది కదండీ" అన్నాను నేను, గొణుగుతున్నట్టు.

"మనమ్మాయి కంటే ముందు అందులో ఇంకో పురుడా? మైల కాదూ? ఆటోలో సర్కారు ఆసుపత్రికి పంపించెయ్యండి" అన్నారు బావగారు.

పురుళ్లు పోసే గదికి పురిటి మైల అంటుకుంటుందట. అంత చదువు చదివిన డాక్టరమ్మ తలూపింది. నేను వెళ్లి ఆటో పిలిచాను. పెద్దింటి కోడళ్లకు నేర్పే మర్యాద అదే.

టోలిచౌకి దగ్గర బళ్లు కదల్లేదట. బిడ్డ దారిలోనే పోయింది. ఆమెను బతికించడానికి గర్భసంచి తీసేశారు. నెల తర్వాత వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. "ఆ గది ఖాళీగనే ఉండె గదమ్మా?" అని అడిగింది.

బావగారి మనవడి జాతకంలో రాజయోగం ఉందట. ప్రస్తుతం మూడో ఎక్కం దగ్గర ఆగాడు. కాలం మంచిదో చెడ్డదో తేల్చడానికి మావాళ్లు ఇప్పటికీ పంచాంగాలు తిరగేస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఒక్కటే తెలుసు. ఆ రోజు ఆ గంట ఆమెది, మేం తీసేసుకున్నాం.