పాల్మాకుల పంపుహౌస్‌లో బోల్టుల వరస

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం చివర్లో, శంషాబాద్ మండలం పాల్మాకుల వైపున్న ఒక పాత పంపుహౌస్‌ను ఫొటోలు తీయమని ఉత్తర్వు వచ్చింది. మూతపడిన కాగితం మిల్లుకు చెరువు నీళ్లు తోడిన కట్టడం అది. మరునాడు ఉదయం కూల్చేస్తారు. అప్పటికి నేను రికార్డు విభాగంలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. కూల్చబోయే కట్టడాలను ముందుగా ఫొటోల్లో నమోదు చేయడం మా పని.

బయల్దేరే ముందు మా సహాయ సంచాలకురాలు గదికి పిలిచారు. నేను తీసిన మూడు ఫొటోలు బల్ల మీద పరిచి, కింది వివరాలను కాగితంతో కప్పి, ఏది ఏ ఊరిదో చెప్పమన్నారు. ఒకటి సముద్రపు రేవు, ఒకటి నది ఒడ్డు గోదాము, ఒకటి చెరువు గట్టు మీది మిల్లు. మూడింట్లోనూ తుప్పుపట్టిన రేకు, పెచ్చులూడిన రంగు, నీళ్లలో వాటి నీడ. నా ఫొటోల్లోనే రెండింటిని తప్పు చెప్పాను. ఇదీ ఇలాగే వస్తే దస్త్రంలో పెట్టనని ఆవిడ నెమ్మదిగానే అన్నారు.

చెరువు చేరేసరికి ఎండ ఎక్కుతోంది. గట్టు నుంచి పంపుహౌస్ దాకా నీళ్ల మీద సన్నని ఇనుప వంతెన. నా కన్ను వెంటనే తుప్పు మీదికీ నీడ మీదికీ పోయింది. మళ్లీ అదే ఫొటో. వద్దనుకుంటూనే ఆ కోణం కోసం వంతెన మీదికి నడిచాను. గట్టు మీద ఒక పెద్దాయన రెండు చేతులూ ఊపుతున్నాడు. తల మీదుగా విమానం దిగుతుండడంతో మాట వినపడలేదు. ఫొటోలు వద్దంటున్నాడనుకుని ఇంకో అడుగు వేశాను. కాలి కింది రేకు విరిగి, కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. కింద నల్లటి నీళ్లు.

విమానం దాటాక ఆయన గొంతు వినిపించింది.

"కదలకుండ్రి సార్! నడిమిట్ల బలం లేదు. పక్కపొంటి బోల్టులున్నయి, వాటి మీదనే కాలు పెట్టుండ్రి!"

వంతెన పక్కనున్న కమ్మీ పట్టుకుని కాలు పైకి లాగాను. పిక్క మీద చర్మం గీసుకుపోయింది. ఆయన బోల్టుల మీదే అడుగులేస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పేరు దేవదానం. అక్కడ పంపు ఆపరేటరుగా చేశాడట. కూలుస్తున్నారని తెలిసి, చివరిసారి చూద్దామని వచ్చాడు.

"మేమందరం గిట్లనే నడిచెటోళ్లం సార్. నడిమిట్ల ఎన్నడు అడుగెయ్యలే."

అప్పుడు కిందికి చూశాను. ఆ వరసలో బోల్టుల తలలు వాళ్ల అడుగులకు అరిగి చదునయ్యాయి. నేనింతవరకూ ఎక్కడా తీయనిది అదొక్కటే.

ఎవరు ఎక్కడ నిలబడేవారో చూపించమన్నాను. నీటిమట్టం చదివే చోట కమ్మీ చేతిపట్టుకు సన్నబడింది. పంపుహౌస్ లోపల కిటికీ మూల నుంచి మిల్లు గేటు కనిపిస్తుంది. తర్వాతి షిఫ్టు మనిషి వస్తున్నాడా అని అక్కడి నుంచే చూసేవారట. పొద్దు వాలేదాకా ఆ చోట్ల నుంచే తీశాను.

సహాయ సంచాలకురాలు వాటిలో నాలుగు ఉంచుకున్నారు. అలవాటుకొద్దీ తీసిన నీడల ఫొటోలు తిప్పి ఇచ్చేశారు.

ఆ తర్వాత మిగిలిన ఉద్యోగకాలంలో, ఏ స్థలానికి వెళ్లినా మొదటి గంట కెమెరా సంచిలోంచి తీయలేదు. అక్కడ పనిచేసిన మనిషిని వెతికి, ఎక్కడ నిలబడేవారో అడిగాను. అలాంటి మనిషి దొరకని చోట నా పాత ఫొటోల్లాంటివే మళ్లీ వచ్చాయి.