పురుగుల ఇంట్లో పిల్లి తట్ట

2022 నవంబర్ 17, గురువారం. ఉదయం పదిన్నర. ఉన్నవాళ్లు: నేను, అటెండరు నంజప్ప, గంగరత్నమ్మ, ఆమె మరిది చౌడప్ప. బల్ల మీద రెండున్నర నెలల నల్ల కుక్కపిల్ల. పేరు కరియ.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పశువైద్యుడిగా బాగేపల్లిలో చేరిన రోజు నుంచి చింతామణి తాలూకాలో రిటైరైన రోజు వరకు ప్రతి కేసూ ఇలాగే రాసుకున్నాను. ముందు తేదీ, తరువాత ఉన్న మనుషులు, ఆ తరువాతే పశువు. మనుషుల పేర్లు ఎందుకని తోటి ఉద్యోగులు అడిగేవారు. పశువు మాట్లాడదు, దాని సంగతి చెప్పేది మనుషులే. ఎవరు చెప్పారో రాసుకోకపోతే ఏం చెప్పారన్నది నిలవదు. ఇంత తెలిసినవాణ్ణి, ఆ రోజు ఎదురుగా ఉన్న ఇద్దరినీ ఒక్క ప్రశ్న కూడా సరిగా అడగలేదు.

గంగరత్నమ్మది శిడ్లఘట్ట దారిలో ఒక పల్లె. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్కతే పట్టుపురుగులు పెంచి గూళ్లు మార్కెట్‌కు వేస్తోంది. చౌడప్ప ఇల్లు పక్కనే, మధ్యలో రొమ్ము ఎత్తు గోడ. ఆ ఏడు ఆమె బోరులో నీళ్లు తగ్గి మల్బరీ సరిగా ఎదగలేదు. అందుకని చౌడప్ప తోటలో ఆకు కోసుకునేది. పట్టుపురుగు నాలుగు సార్లు తిండి మాని, పొర విడిచి లేస్తుంది. ఆ నిద్రను ఇక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన తరువాత వారం రోజుల్లో తినే ఆకు, పుట్టినప్పటి నుంచి అంతవరకు తిన్నదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ వారంలో పూట తప్పితే గూడు పలచబడుతుంది, రెండు పూటలు తప్పితే పంట మీద ఆశ వదులుకోవలసిందే. ఆ గురువారానికి ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచి ఐదు రోజులు.

కరియను పాత తువ్వాలులో చుట్టి, చౌడప్ప బండి మీద తెచ్చింది.

"నిన్న సాయంత్రం నుంచి కక్కుతానే ఉండాది సార్. నీళ్లు పోసినా నిలవడం లే."

నంజప్ప దాని నోరు తెరిచి పట్టుకున్నాడు. నాలుక అంచులు ఉడికినట్లు తెల్లబడి ఉన్నాయి. చిగుళ్ల మీద పొర లేచింది. జొల్లు తీగలా కారుతోంది. పొట్ట మీద వేలు ఆనిస్తే మూలిగింది. విరేచనంలో రక్తం ఉంది. ఆ వయసు పిల్లకు రక్తవిరేచనం అంటే మాకు మొదట తోచేది పార్వో. అది పేగు లోపలి పొరను ఊడ్చేసే వైరస్ జబ్బు. కానీ పార్వో నోటిని ఉడికించదు.

"పార్వో కాదు నంజప్పా. ఏదో విషం పడింది" అన్నాను.

నేను నంజప్పతోనే అన్నాను. కానీ గది చిన్నది.

మా పనిలో హిస్టరీ అని ఒకటి ఉంది. పశువు మీద చెయ్యి వేసే ముందు యజమానిని అడిగి తెలుసుకునేది: ఏం తినింది, యాడ తిరిగింది, ఇంట్లో ఏమేం మందులు ఉన్నాయి. అప్పటికే బయట ఈనలేక నిలబడిన ఆవు ఒకటి నా కోసం ఎదురుచూస్తోంది. కుక్కపిల్లకు డ్రిప్ పెట్టి, దాన్ని చూసి వచ్చి అడుగుదామని ఆవు దగ్గరికి వెళ్లాను. దూడను బయటికి తీసేసరికి గంటన్నర పట్టింది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి వదినా మరుదులు బల్లకు చెరో పక్కన నిలబడి ఉన్నారు.

"నువ్వు అనలేదా చౌడప్పా? మొన్న గోడ కాడ నిలబడి దీని నోరు మూయిస్తా అనలేదా?"

"అన్నాను వదినా. రాత్రంతా కుయ్యో కుయ్యో అంటాంటే ఏమంటారు, హారతి ఇస్తారా?"

"మూయించినావు గదా."

"నేను పెట్టింటే నా బండి మీదే కూర్చోబెట్టుకోని యాల తెస్తాను?"

"ఊరు చూడాల గదప్పా, అందుకు."

చౌడప్ప నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. విషమేనా?"

"విషమే" అన్నాను. "ఏ విషమో, ఎట్లా వచ్చిందో నాకింకా తెలీదు."

రెండో మాట ఎవరికీ వినబడలేదు. మొదటి మాటతోనే గంగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చౌడప్ప బండి తాళం చెవి జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సరే వదినా. విషం పెట్టేవాని తోటలో ఆకు నీకెందుకు? రేపటి నుంచి నా తోటలో కొడవలి పెట్టొద్దు."

"పెట్టను పో. నీ ఆకు తిని నా పురుగులు గూడా చస్తాయేమో."

నంజప్ప అడ్డం పోయాడు. "అప్పా, ఆ మాట అనొద్దు. పురుగులు నోరు తెరుచుకోని ఉంటాయి ఈ టైములో."

"ఆయమ్మ నోరు తెరిచే ముందు చూసుకోవాల అది" అని చౌడప్ప ఆమెను అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మూడు నలభైకి కరియ చనిపోయింది. చివరి అరగంట దాని కాళ్లు ఈదుతున్నట్లు కదిలాయి. గంగరత్నమ్మ ఆ కాళ్లు పట్టుకుని కూర్చుంది, ఏడవలేదు. తరువాత దాన్ని గోనెసంచిలో పెట్టుకుని, నంజప్ప చూసిపెట్టిన ఆటోలో వెళ్లింది. సాయంత్రం మేత వేయాలి కదా అని ఆటోవాణ్ణి తొందర పెట్టడం నాకు వినిపించింది.

ఐదున్నరకు ఆసుపత్రి మూసేటప్పుడు నంజప్ప తువ్వాలు పట్టుకుని వచ్చాడు.

"ఈ గుడ్డ పారేసేదా సార్? మన సీసాల వాసన వస్తాండాది."

"ఏ సీసాలు?"

"అదే సార్, అల్మారాలో పిండాలు పెట్టిండే సీసాలు."

వాసన చూశాను. ఫార్మాలిన్. చచ్చిన కండ కుళ్లకుండా నిలవబెట్టే మందు. పల్లెలో కుక్కపిల్ల కక్కుకున్న గుడ్డకు ఆ వాసన ఎందుకు వస్తుంది? అక్కడే కుర్చీలో కూర్చున్నాను. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పురుగులు జ్వరం లేచినప్పుడూ, ఆఖరి మేత రోజుల్లోనూ రోగాలు అంటకుండా వాటి మీద ఒక తెల్లపొడి చల్లుతారు. బెడ్ డిసిన్ఫెక్టెంట్ అంటారు. సున్నంలో ఫార్మాలిన్ జాతి మందు కలిపి చేసే పొడి అది. పురుగుల ఇల్లున్న ప్రతిచోటా ఒక సంచి ఉంటుంది.

అది కుక్కపిల్ల నోట్లోకి ఎలా వెళ్లిందన్నది కూడా గుర్తుకొచ్చింది. తొమ్మిది రోజుల ముందు, ఎనిమిదో తేదీ మంగళవారం, గంగరత్నమ్మ దాన్ని నులిపురుగుల మందుకు తెచ్చింది. పోతూ పోతూ వాకిట్లో నిలబడి అడిగింది.

"సార్, ఇది పిల్లి దొడ్డికి కూర్చునే తట్టలో మూతి పెడతాది. అదే తింటాది. ఎట్ల మానిపించేది?"

నా ముందు ఏడెనిమిది పశువులు ఉన్నాయి. తలెత్తకుండానే చెప్పాను. "ఏదన్నా ఘాటైంది చల్లమ్మా. ముక్కు మండితే మళ్లీ రాదు."

ఎనిమిదో తేదీ పేజీ తీసి చూశాను. "కుక్కపిల్ల, మగ, నలుపు, నులిపురుగుల మందు." ఆమె అడిగింది గానీ నేను చెప్పింది గానీ అందులో లేదు. అది వైద్యం అని నాకు అనిపించలేదు.

రిజిస్టరులో గంగరత్నమ్మ నంబరు ఉంది. ఫోన్ చేయలేదు. పొద్దున చూడకుండా విషమని ఒక మాట అని చెరిచాను, ఇప్పుడు తట్టను కళ్లారా చూసి నిర్ధారణ చేసుకునే చెబుదాం అనుకున్నాను. అది పద్ధతి అనుకున్నాను. తొందరపడకూడని చోట తొందరపడ్డాను, తొందరపడవలసిన చోట నింపాదిగా ఇంటికి వెళ్లాను.

పద్దెనిమిదో తేదీ, శుక్రవారం. పొద్దున ఆరు నలభై ఐదుకు నంజప్ప స్కూటరు మీద ఆ ఇంటికి చేరాం. గడప ముందు సున్నం, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ల తొట్టి ఉంది. అందులో కాళ్లు తడుపుకోకుండా పురుగుల ఇంట్లోకి ఎవరినీ రానివ్వరు. ముందు గదిలో, మూలన తట్ట. చిన్న పురుగులను పెంచే వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే అది, అంచు నాలుగు వేళ్లు కూడా ఉండదు. అందులో జల్లించిన ఇసుక. ఇసుక నిండా తెల్లపొడి. పిల్లి తన మలాన్ని కప్పుకునేటప్పుడు ఆ పొడిని అడుగుదాకా కలియబెట్టింది. మధ్యలో కుక్కపిల్ల తవ్విన గుంట, చుట్టూ చిన్న చిన్న పంజా గుర్తులు. కరియను అప్పటికే ఇంటి వెనుక పూడ్చారు. తవ్వి చూడవలసిన అవసరం లేకపోయింది.

పిల్లి బస్తాల మీద కూర్చుని పాదాలు నాకుతోంది. నాలుగు పాదాలూ ఎర్రబారి ఉన్నాయి. ముందు దాన్ని పట్టుకుని, మంచినీళ్లతో కాళ్లు కడిగాను.

"దీన్ని బయటికి వదలవా అమ్మా?"

"వదిలేది యాడ సార్. చుట్టూ టమాటా తోటలు, మందు కొడతాండారు. అదే కాళ్లతో లోపలికి వస్తే పురుగులు తల వాలుస్తాయి. వదలకుంటే ఎలుకలు ఉండవు. అందుకే తట్ట పెట్టినా."

"ఈ పొడి ఎప్పుడు చల్లినావు?"

"ముందు మిరప్పొడి చల్లినా. పిల్లి తుమ్మి తుమ్మి తట్ట మొకమే చూళ్లే. మొన్న పురుగులకు చల్లినాక ఇది మిగిలినాది. ముక్కుకు ఘాటుగా ఉండాది గదా, కుక్కపిల్ల దీని కాడికి రాదులే అనుకుంటి."

నేను ఆ తట్ట పక్కనే కూర్చుని చెప్పాను. "చౌడప్ప ఏమీ పెట్టలేదమ్మా. కరియ ఇది తినే పోయింది. చల్లమని చెప్పింది నేను."

ఆమె తట్ట వైపు చూసింది.

"పురుగుల మీద చల్లేదే గదా సార్ ఇది. పురుగే చావదే."

ఆ ఇంట్లో పట్టుపురుగు కంటే సుకుమారమైన ప్రాణి లేదు. పక్కింట్లో బీడీ తాగితే పడుకుంటుంది, తలనూనె వాసనకు మేత మానేస్తుంది. దాని ఒంటి మీద చల్లగలిగిన పొడిని ఇంకెక్కడైనా చల్లవచ్చుననుకోవడంలో ఆమె తప్పేముంది? పురుగు ఆ పొడి ఒంటి మీద పడ్డా, అరగంట ఆగి వేసే కొత్త ఆకే తింటుంది, కుక్కపిల్ల దాన్ని మింగుతుంది. ఆ తేడా చెప్పవలసింది నేను.

ఆమె అడిగిన రోజు చెప్పవలసింది రెండు నిమిషాల మాట. పిల్లి ఎగరగలదు, కుక్కపిల్ల ఎగరలేదు. తట్టను నడుమెత్తు పలక మీద పెట్టు. లేదా మూత ఉన్న డబ్బాలో పెట్టి, పిల్లి పట్టేంత కన్నం పైన కొట్టు. పిల్లి దిగిన వెంటనే మలం ఎత్తి పారెయ్యి. కుక్కపిల్లకు తిండి పెంచు, ఆ గదిలో ఒంటరిగా వదలకు. దేన్నీ చల్లవద్దు.

"చౌడప్పతో నేను మాట్లాడతాను" అని లేచాను. ఆమె వద్దనలేదు.

చౌడప్ప వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. ఆయన ఇంటి వెనుక తోట కనబడుతోంది. ఆకు లేదు. నేల నుంచి జానెడు ఎత్తున కోసిన మోళ్లు మాత్రం వరుసగా ఉన్నాయి.

సంగతంతా చెప్పాను. నోట్లో నీళ్లు ఉమ్మేసి విన్నాడు.

"రాత్రే ఫోన్ చేసినా సార్, మురుగమల్ల కాడ మా బావమరిదికి. వాళ్లకూ ఆకు తక్కువ ఉండింది. తెల్లారకముందే టెంపో తెచ్చి కోసుకోని పోయినారు." మూతి తుడుచుకున్నాడు. "మీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసె?"

"నిన్న ఐదున్నరకు."

"నేను ఫోన్ చేసింది ఎనిమిదికి సార్."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ తరువాత నేను ఉద్యోగంలో ఉన్నది పది నెలలు. ఆ పది నెలల్లో ఎవరికీ 'ఏదన్నా' అనే మాటతో సలహా ఇవ్వలేదు. ఏ వస్తువు, ఎంత, యాడ పెట్టాలి అని చెప్పేవాణ్ణి. చెప్పే ముందు ఇంట్లో ఏం పని జరుగుతుందో, ఏమేం డబ్బాలు ఉన్నాయో అడిగేవాణ్ణి. గడప దగ్గర నిలబడి అడిగిన ప్రశ్ననూ కేసుగానే రాసేవాణ్ణి. నా తప్పు వల్ల ఒక మనిషి మీద నింద పడిందని తెలిస్తే నిర్ధారణ కోసం తెల్లవారేదాకా ఆగకూడదని కూడా నేర్చుకున్నాను. అది ఇంకొకసారి అక్కరకు రాలేదు.

చౌడప్ప కొడవలి తీసుకుని గట్టు మీదికి వెళ్లాడు. గట్టంచున వాళ్లు వదిలేసిన కొమ్మలు కొన్ని మిగిలి ఉన్నాయి. అవి కోసి మోపు కట్టి, వదిన గడప ముందు, నీళ్ల తొట్టికి ఇవతల దించాడు. లోపలికి రాలేదు, పిలవలేదు. గంగరత్నమ్మ వచ్చి మోపు ఎత్తుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పురుగులు రాత్రి నుంచి ఖాళీ కొమ్మల మీద తలలెత్తి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క ఆకు దూరం దూరంగా పరుస్తూ పోయింది. మూడు అంతస్తుల అటకల్లో పై అంతస్తు కూడా పూర్తిగా నిండలేదు. చినుకులు పడినట్లు మేత చప్పుడు మొదలైంది. నంజప్ప, నేను గడప దగ్గర నిలబడి విన్నాం. పావుగంటలో ఆగిపోయింది.