ఇంజను లేని జీపు

ప్రొద్దుటూరు హుమాయున్ ముప్పై ఏళ్లుగా జీపులకు పాటల సెట్లు బిగిస్తున్నాడు. ఆయనకొక పట్టింపు. పాట పెట్టి, యాక్సిలేటర్ తొక్కి, ఇంజను రొదలోనూ ప్రతి మాటా వినబడితేనే పని అయినట్టు. ఇప్పుడు కార్లన్నీ సెట్లతోనే వస్తున్నాయి. పనిలేక కూర్చున్న ఆరు నెలలకు ఒక పిలుపొచ్చింది, మైలవరం దారిలో హోటలు ముందున్న పాత జీపుకు. సీట్ల కింద స్పీకర్లు బిగించి, బ్యాటరీ తీగ కోసం బానెట్ ఎత్తాడు. లోపలంతా ఖాళీ.

"ఇంజనెప్పుడో అమ్మేసినాం మామా. జనాలు ఫోటోలు దిగేదానికి నిలబెట్టినాం. కరెంటు హోటల్లోనుంచి గుంజుకో," అన్నాడు యజమాని సుధన్వ.

గుంజాడు. పాట మొదలైంది. అలవాటుగా హుమాయున్ యాక్సిలేటర్ తొక్కాడు. అడ్డేమీ లేక అది అడుగంటా దిగిపోయింది.

"శానా క్లియర్‌గా ఉంది మామా!"

నిజమే. ముప్పై ఏళ్లలో ఏ పాటా ఇంత తేటగా వినబడలేదు. హుమాయున్ తొక్కిన కాలు తీయలేదు.