ఎటూ పోని నడక

మార్కెట్ యార్డులో పసుపు రాశులు పోసే రోజులివి. పెర్కిట్‌లో ఎక్కిన ఆటో ఆర్మూర్‌లోకి రాగానే ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. నాకు తుమ్ములు మొదలవుతాయి. తుమ్మితే గంగారాం సార్ గుర్తొస్తారు, ఎందుకంటే ఆయన మాకు ఇంగ్లిషు నేర్పింది ఈ పసుపు దుమ్ములో నిలబెట్టే. మొన్న చలికాలంలో ఆయన పోయారు. సంతాప సభలో మాట్లాడినవాళ్లందరూ ఆయన్ని జ్ఞానజ్యోతి అన్నారు. ఆయన వినుంటే, ఆ జ్యోతి వెలిగించి ఎవరైనా టీ కాచి పెడితే బాగుండేదనేవారు. ఆయన్ని చూడనివాళ్ల కోసం ఒక్క సంగతి మాత్రం రాస్తాను.

మా పదో తరగతిలో, ఇంగ్లిషులో నడకను చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో నేర్పడానికి సార్ బోర్డు వాడలేదు. క్లాసు మొత్తాన్ని యార్డు గేటు దగ్గర నిలబెట్టారు. బస్తా కింద తూలుతూ వస్తున్న హమాలీని చూపించి 'స్టాగర్' అన్నారు. ధర రాక, ఎండలో కాళ్లీడ్చుకుంటూ టీ బండివైపు పోతున్న రైతును చూపించి, గొంతు తగ్గించి, 'ట్రడ్జ్' అన్నారు. "నడిచే మనిషిని చూడకుంట మాట నేర్సుకుంటే గది మీది గాదు" అనేది ఆయన పద్ధతి. చివరికి ఒక్క మాట మిగిలిపోయింది. సాంటర్. తొందర లేకుండా, పని లేకుండా, నడవడం బాగుంది కాబట్టి నడవడం. యార్డంతా వెతికినా అలా నడిచేవాళ్లు కనబడలేదు.

"పని లేకుంట గట్ల ఎవరు నడుస్తరు సార్?" అన్నాను.

"నేను నడుస్త బిడ్డా. ఇయ్యాల సాయంత్రం చూడుండ్రి. నాకు చాతగాకపోతే గా మాటను మీ నోటుబుక్కులకెల్లి కొట్టేయుండ్రి."

ఆయనకది సరదా మాట కాదు. తను నమ్మని మాటను మాకు నేర్పడం ఆయనకు అవమానం. బయలుదేరే ముందు దాని పుట్టుక కూడా చెప్పారు. వెనకటికి యూరప్‌లో కొందరు ఊరికే ఊళ్లు తిరిగేవారట. ఎక్కడికని అడిగితే పుణ్యభూమికి యాత్ర పోతున్నామని చెప్పి అన్నం పెట్టించుకునేవారట. ఆ పుణ్యభూమికి ఫ్రెంచి భాషలో ఉన్న పేరులోంచే ఈ మాట పుట్టిందని కథ. "కథ మస్తుంటది గని పెద్ద డిక్షనరీలు ఒప్పుకోవు. యాడికెల్లి వచ్చిందో తెల్వదని రాసి ఊకున్నయి" అన్నారు.

స్కూటరు బడిలోనే వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన నడిచారు. కాస్త వెనకగా మేము. మలుపు తిరిగామో లేదో సాయిలు ఆటో వచ్చి ఆగింది.

"బండి ఖరాబైందా సార్? ఎక్కుండ్రి."

"ఖరాబ్ గాలే సాయిలు. ఊకెనే నడుస్తున్న."

సాయిలు ఇంజను ఆపేశాడు. "ఊకెనేనా? ఇంట్ల ఏమన్న లొల్లయిందా సార్?"

అతన్ని పంపించేసరికి పసుపు కమీషన్ దుకాణం సేటు అరుగు దిగి వచ్చాడు. "షుగర్ వచ్చిందా సార్? కాకరకాయ రసం తాగుండ్రి, ఫికర్ లేదు." ఈలోగా ఎవరో సార్ ఇంటికి ఫోన్ చేశారు. సార్ జేబులో ఫోన్ మోగింది. ఆయన భార్య రాధమ్మ గారి గొంతు మాక్కూడా వినబడింది. "ఎటో పోతున్నవట, పోరగాండ్లు ఎంబడి పడ్డరట, ఏమైంది నీకు?"

సార్ ముఖం చిన్నబోయింది. తర్వాత అడిగినవాళ్లకు ఆ పాత దేశదిమ్మరుల ఉపాయమే వాడారు. "సిద్దుల గుట్టకు పోతున్న" అన్నారు.

అదే పొరపాటైంది. గుట్టమీద గుడికి పోయేవాణ్ణి ఆర్మూర్‌లో వట్టి చేతులతో పోనిస్తారా? కిరాణా కొట్టు ఆవిడ, "మా పేరు మీద గిది కొట్టుండ్రి సార్" అని కొబ్బరికాయ చేతిలో పెట్టింది. పక్క కొట్టువాళ్లు చూశారు. గుట్ట కిందికి చేరేసరికి సార్ భుజాన కాయల సంచి, మా చేతుల్లో తలా ఒక కాయ. దేవుడి పేరున ఇచ్చినవాటిని ఇంటికి తీసుకుపోలేము. ఎక్కక తప్పలేదు. సగం మెట్ల మీద ఆయన ఆగి, చెమట తుడుచుకున్నారు.

"రాసుకోండ్రి. గిది ట్రడ్జ్."

పైన ఏ కాయ ఎవరిదో మరిచిపోయి మేము కొట్లాడుకున్నాం. సార్ ఊరందరి పేరు మీదా కలిపి కొట్టేశారు. దిగేటప్పుడు అడిగాను. "సాంటర్ కొట్టేయాల్నా సార్?"

ఆయన ఇంకో నాలుగు మెట్లు దిగారు. "పెన్సిల్‌తోని గీత గియ్యి. ఇంకోసారి చూస్త."

ఆ ఇంకోసారి రావడానికి ఏళ్లు పట్టింది. రిటైరయ్యాక ఆయనకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. నేను చూడబోతే వాకర్ పట్టుకుని, పాదం లేవక నేలకు రాస్తూ ఎదురొచ్చారు. "షఫుల్‌ల ఉన్న బిడ్డా" అన్నారు. మళ్లీ వెళ్తే చేతికర్రతో కుంటుతున్నారు. "హాబుల్. ప్రమోషన్ వచ్చింది."

"గా ఇంగ్లిష్ నీ కాలుకు చెప్పు, నాకు గాదు" అన్నారు రాధమ్మ గారు, మందులు చేతిలో పెడుతూ.

ఆమె లోపలికి పోయాక సార్ మెల్లగా అన్నారు. "యార్డు దాక ఒక్కసారి ఊకెనే నడవాలె. గా మాట ఇంకా పెన్సిల్ గీత కిందనే ఉన్నది."

ఒక సాయంత్రం ఇద్దరం బయలుదేరాం. ఈసారి ఎవరూ షుగర్ గురించి అడగలేదు. కుర్చీలు తెచ్చారు. మేము పోయే దారిలో ప్రతి దుకాణం ముందూ ఒక కుర్చీ వెలిసింది. "జర కూసోండ్రి సార్" అని ఒకటే బతిమాలడం. ఆయన ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. అప్పుడే సాయిలు ఆటో వచ్చి నెమ్మదించింది. సార్ కర్ర పైకెత్తారు.

"ఎటు అని అడిగినవో చూడు సాయిలూ."

"అడుగ సార్." అతను ఆటో పక్కకు పెట్టి, మాకంటే ముందు నడుస్తూ దుకాణాల వాళ్లకు చెప్పుకుంటూ పోయాడు. "కుర్చీలు తీయుండ్రి. సార్ ఎటూ పోతలేడు."

కుర్చీలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. సార్ తీరిగ్గా నడిచారు. ఒకచోట ఆగి గోడమీది పోస్టర్ చదివారు. ఇంకోచోట ఊరికే ఆగారు. యార్డు గేటు దగ్గర గట్టిగా తుమ్మి, నావైపు తిరిగారు.

"రబ్బర్ తెచ్చినవా?"

ఇవాళ నేను ఆటో దిగి యార్డు వైపు నడిచాను. అక్కడ నాకేమీ పనిలేదు. వెనక నుంచి సాయిలు వచ్చాడు, జుట్టంతా తెల్లబడింది. "ఎటు చెల్లె? ఎక్కు" అంటూనే, వెనక్కి కట్టుకున్న నా చేతులు చూశాడు.

"సార్ నడకనా?"

"అవు అన్నా."

అతను హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయాడు.