గొట్టం మీద గురువులు దెబ్బ

గాజువాక అవతల ఒక కర్మాగారం కింద, కేబుళ్లు పరిచిన సొరంగం నోటి దగ్గర సింహాద్రి స్టూలు ఉంటుంది. ముప్పైరెండేళ్లుగా అదే చోటు. ఇంకో వారంలో రిటైర్మెంటు. లోపలికి దిగిన మనిషి ఎక్కడున్నాడో చెప్పడమే అతని ఉద్యోగం. ఆకాశమే కనబడని చోట మనిషి జాడ చెప్పే ఉపగ్రహానికి చూపేం ఆనుతుంది? సింహాద్రి చెవికి ఆనేది.

సొరంగం పొడుగునా సాగే నీళ్ల గొట్టం మీద అతను స్పానరుతో కొడితే, లోపలివాడు తన దెబ్బతో జవాబివ్వాలి. ఒక్కొక్కరికి ఒక్కో దెబ్బ. ఒకరిది ఇంకొకరు కొట్టకూడదు, పోయినవాడిదైతే అసలే ముట్టుకోకూడదు. సింహాద్రి జతగాడు గురువులు అనేవాడిది రెండు, ఆగి ఒకటి. అదీ బద్ధకంగా. "బతికే ఉన్నాను బావా, టీ సెప్పు" అని దానర్థం. గురువులు పోయి నాలుగేళ్లు. ఆ తర్వాత గొట్టం ఎన్ని మోగినా సింహాద్రికి మూగగానే తోచింది.

ఈ మధ్య జ్యోతిర్మయి అనే ఇంజనీరమ్మ వచ్చి, సొరంగం గోడలకు చిన్న పెట్టెలు, హెల్మెట్లకు ట్యాగులు బిగించింది. ఏ పెట్టెకు ట్యాగు సంకేతం ఎంత గట్టిగా అందిందో చూసి, తెర మీద మనిషిని చుక్కగా చూపిస్తాయట. వాటికి చోట్లు నేర్పడానికి సింహాద్రిని వెంటబెట్టుకుని లోపలంతా తిరిగింది.

"ఈ మూలకి పేరేంటి బాబాయ్?"

"గురువులు మేకు. ఎలకలకి బయపడి క్యారేజీ దీనికే తగిలించీవోడు."

నవ్వుతూనే దెబ్బల కథంతా చెప్పేశాడు. గురువులు దెబ్బని మాత్రం గొట్టం మీద కాదు, అరచేతిలో కొట్టి చూపించాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే దిగింది. కాసేపటికి లోపల కరెంటు పోయింది. బ్యాటరీ మీద నడిచే తెరలో చుక్క మాత్రం గురువులు మేకు దగ్గరే నిలకడగా ఉంది. పరిగెత్తినవాళ్లు హెల్మెట్ ఒక్కటే పట్టుకొచ్చారు. కదలని ట్యాగుని తెర ఎలా చూపిస్తుందో చూడాలని దాన్ని మేకుకి తగిలించి, ముందున్న పెట్టె దగ్గరికి వెళ్లినట్టుంది. దీపం హెల్మెట్ మీదే ఉంది. ఫోను పైనే ఇచ్చి దిగాలని రూలు. మేకు దాటాక సొరంగం మూడు పాయలు, మధ్యలో నీళ్లు తోడే గోతులు. చీకట్లో అడుగు తప్పితే అంతే.

సింహాద్రి మేకు దగ్గరికి వెళ్లి గొట్టం మీద కొట్టాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు.

రెండు. ఆగి, ఒకటి.

"ఒరే బావా!" అనేశాడు పైకే. చెవి గొట్టానికి ఆనించాడు. ఈ దెబ్బలో బద్ధకం లేదు, వణుకుంది. చప్పుడు ఎడమ పాయలోంచి, పంపు దాటాక.

"అడుగు తియ్యకమ్మా, నానొత్తన్నాను!"

గోతికి బారెడు దూరంలో చతికిలబడి ఉంది జ్యోతిర్మయి, చేతిలో ఎక్కడో దొరికిన బోల్టు.

"తప్పు చేశాను బాబాయ్. నాకంటూ దెబ్బ లేదు. గుర్తొచ్చింది ఆయనదొక్కటే."

సింహాద్రి కళ్లు తుడుచుకున్నాడు. "నాలుగేళ్లయిందమ్మా ఆడి మాట ఇని. ఉంచుకో. ఇకనించి అది నీదే."

ఆఖరి రోజు డ్యూటీ దిగేముందు అతను గొట్టం మీద ఒకసారి కొట్టాడు. లోపల పనిలో ఉన్న జ్యోతిర్మయి నుంచి రెండు, ఆగి ఒకటి.

సింహాద్రి క్యాంటీనువాణ్ణి కేకేసి టీ చెప్పాడు.