చీమలకు మా అత్త పెట్టిన చక్కెర

నాకు పిల్లలు పుట్టకపోవడం మా అత్తకు దొరికిన పెద్ద ఉద్యోగం. అంతకు ముందు పాపం ఆమెకు పొద్దు పోయేది కాదు. జూలూరుపాడు దగ్గరి ఆ ఊరికి నేను కోడలిగా వచ్చి కొన్నేళ్లు గడిచినా నా కడుపు పండకపోయేసరికి ఆమెకు చేతినిండా పని వచ్చింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ నా కడుపు సంగతులు చెప్పేది. రేడియోలో వార్తలైనా ఓ పూట ఆగేవి కానీ ఆమె ఆగేది కాదు.

నాది కారేపల్లి వైపు. పెద్దమనిషినయ్యానని ఏడో తరగతిలోనే నా బడి మాన్పించారు. నోరు మాన్పించడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

మా అత్త లెక్క ప్రకారం నా ఒంట్లో వేడి ఎక్కువ. ఆ వేడికి గర్భం నిలవదట. కలబంద గుజ్జు, మెంతుల నీళ్లు, ఇంకా పేరు తెలియని చేదులన్నీ నా గొంతులో పోసింది. ఫలితం లేకపోయేసరికి ఆమె కళ్లు కొడుకు మీద పడ్డాయి. మా ఆయనకు అప్పటికే ఎంత తాగినా దాహం తీరేది కాదు. మిరపతోటకు కుండ నిండా నీళ్లతో పోయి, మధ్యాహ్నానికే ఖాళీ కుండతో వచ్చేవాడు.

"చూసినవా, నీ వేడి నా కొడుక్కు కూడా అంటింది!" అంది అత్త.

వెంటనే భద్రాచలం రాములవారికి మొక్కుకుంది. నేను నీళ్లోసుకునే దాకా రోజూ పొద్దున దేవుడికి పానకం నైవేద్యం పెట్టి, ఆ చెంబెడూ కొడుకుతో తాగిస్తానని ఆ మొక్కు. బెల్లం, మిరియాలు, యాలకులు. బెల్లం మాత్రం గుప్పెళ్ల కొద్దీ ఆమె చేత్తో వేసేది. ఆ చేయి నాకు అన్నం పెట్టేటప్పుడే చిన్నదయ్యేది. ఆయన తాగేవాడు, కాసేపటికి లేచి గొడ్లకొట్టం గోడ దగ్గరికి పోయేవాడు. తిరిగొచ్చి నీళ్లు తాగేవాడు. మళ్లీ గోడ దగ్గరికి.

ఇది చాలదన్నట్టు జాతకాలు చూసే పంతులొకాయన, సంతానం కావాలంటే చీమలకు నూక, చక్కెర కలిపి వేయమన్నాడు. మా అత్త వాకిట్లో నాలుగు దిక్కులా చల్లింది. కానీ చీమలన్నీ ఏరి కోరి గొడ్లకొట్టం గోడ దగ్గరికే చేరాయి. అక్కడ నేల నల్లగా కదులుతుండేది. అత్త మురిసిపోయి చక్కెరంతా అక్కడే పోయడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగును పిలిచి చూపించింది.

"చూడండ్రి, దేవుడు మెచ్చిండు. ఎట్ల వస్తున్నయో జూడు!"

"అత్తమ్మా, అవి నీ చక్కెరకు రాలే. నీ కొడుకు పోసిన దానికి వచ్చినయ్," అన్నాను.

"నీ నోట్ల మన్ను వడ! గొడ్రాలివి, నీకు చీమలను జూసినా కడుపు మంటనేనా?"

నేనేమీ చదువుకుని చెప్పలేదు. మా మేనమామ పోసిన చోట ఇలాగే చీమలు పట్టేవి. తర్వాత కాలికి పుండు పడింది, ఆ తర్వాత ఖమ్మం దవాఖానాలో వేలు తీసేశారు. అప్పుడు తెలిసింది ఆయనకు షుగర్ అని. ఆయనకూ పిల్లల్లేరు. ఆయన భార్యను మా వాళ్లంతా గొడ్రాలు అన్నారు. వేలు పోయిన తర్వాత కూడా అన్నారు. నోరు అలవాటు పడితే అంతే.

మా ఆయనతో చెప్పాను, ఒకసారి దవాఖానాకు పోదామని.

"నాకేమైందే? ఏనుగు లెక్క ఉన్న. లోపం నీకాడ పెట్టుకొని నన్ను దవాఖానాకు రమ్మంటవేంది?"

"ఏనుగువైతే లుంగీ ఎందుకు జారుతాందయ్యా?"

ఆయన లుంగీ బిగించి కట్టుకుని బయటికి పోయాడు. ఇంకో సంగతీ ఉంది. ఏడాదికి పైగా ఆయన మంచమెక్కగానే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు. తెల్లారి వాళ్లమ్మ నన్ను గొడ్రాలని తిడుతుంటే పక్కనే కూర్చుని మీసం దువ్వుకునేవాడు. మా అత్త నోటినైనా నేను భరించాను కానీ ఆ మీసాన్ని భరించలేకపోయాను.

ఇంతలో చండ్రుగొండ నుంచి రెండో సంబంధం తెచ్చారు. ఆ పిల్ల నాకంటే చాలా చిన్నది. నేను ఇంట్లో ఉండొచ్చట, గొడ్లకు మేత వేయడానికి. ఎంత దయ! కానీ ఆ పిల్ల తల్లి గట్టిది. మొదటి భార్యదే లోపమని డాక్టర్ చెబితేనే పిల్లనిస్తానంది. "రేపు మా పిల్లను కూడా గిట్లనే అంటే నేనెవర్ని అడగాలె?" అని మొహం మీదే అడిగిందట.

మా అత్తకు అది పండగలా అనిపించింది. నన్ను కొత్తగూడెం లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోతానంది. మొగుడు రాకుంటే డాక్టరమ్మ చూడదని నేను పట్టుబట్టాను. సరేనని కొడుకును కూడా బయల్దేరదీసింది. ఆమె పట్టుచీర కట్టుకుంది. నా లోపం వినడానికి ఆమాత్రం ముస్తాబు ఉండాలి కదా. దారిలో మా ఆయన బస్సు ఆపించి దిగాడు. మళ్లీ ఆపించాడు. మూడోసారికి కండక్టర్, "ఏందన్నా, బస్సులో కూసుంటున్నవా, పొదల్లో కూసుంటున్నవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది, మా అత్త తప్ప.

డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, తనకైతే లోపమేమీ కనిపించలేదంది. అత్త ముఖం వాడిపోయింది. అప్పుడు డాక్టరమ్మ గుమ్మం వైపు చూసింది. మా ఆయన అక్కడి కుండలోంచి గ్లాసు మీద గ్లాసు ముంచుకుని తాగుతున్నాడు.

"ఆయన్ని పిలవండి," అంది.

మూత్రం పట్టించి, గాజు గొట్టంలో నీలి మందు పోసి, అందులో కొన్ని చుక్కలు కలిపి మంట మీద కాచారు. నీలం ఆకుపచ్చగా మారింది, పసుపుగా మారింది, చివరికి మా కళ్లంలో ఎండిన మిర్చి రంగుకు వచ్చి ఆగింది.

"ఎర్రగైంది. మంచిదేనా తల్లీ?" అని అడిగింది మా అత్త.

డాక్టరమ్మ ఆమెను పట్టించుకోకుండా మా ఆయన్ని అడిగింది. "భార్య దగ్గరికి పోక ఎన్నాళ్లైంది?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తిరగడం లేదు. అయినా చూశాడు.

"షుగర్ ముదిరితే నరాలు చెడతాయి. మగతనం తగ్గుతుంది, బీజం బలం పోతుంది. ఆడదానికొచ్చినా అంతే, నెలసరి గతి తప్పుతుంది, కడుపు నిలవదు. ముందు షుగర్ అదుపులోకి రావాలి, పిల్లల మాట తర్వాత. ఇంట్లో ఏం పెడుతున్నారు ఇతనికి?"

"పానకం, తల్లీ. రోజూ చెంబెడు," అంది అత్త గర్వంగా.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "దేవుడి పేరు చెప్పి కొడుకును చంపుతున్నావమ్మా," అంది.

బయటికి రాగానే అత్త తేల్చేసింది. "ఆ మందు పాతదైంది, రంగు తప్పు చూపించింది. షుగర్ అని ఎక్కడా అనొద్దు. చిన్న పిల్లొస్తే అన్ని అవే కుదురుతయ్." మా ఆయన తలూపాడు. ఆ తల ఊగడం చూశాక నాలో మిగిలిన మంచితనం కొత్తగూడెం బస్టాండులోనే దిగిపోయింది.

తర్వాతి వారం పిల్ల తల్లి వచ్చి మా అరుగు మీద కూర్చుంది. అత్త పానకం గ్లాసు చేతికిచ్చి మొదలుపెట్టింది.

"డాక్టరమ్మ చెప్పింది వదినా. మా కోడలిదే లోపమట."

నేను లోపలి నుంచి వచ్చి మా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? నేను మొదలుపెడితే షుగర్ కాడ ఆగను. మంచం దాకా పోత."

ఆయన చెయ్యి మీసం వైపు లేచి, సగంలోనే కిందికి దిగింది.

"నాకు షుగర్ ఉంది," అన్నాడు నేల చూస్తూ. "లోపం దానిది కాదు. నాది."

పిల్ల తల్లి గ్లాసు కింద పెట్టింది. ఒక్క గుక్క తాగలేదు. కొంగు సర్దుకుని లేచి, పోతూ పోతూ నన్ను చూసింది. "ఎట్లుంటున్నవే పిల్లా, ఈ ఇంట్ల?"

"తిట్లు తిని, పెద్దమ్మా. ఒంటికి బాగా పడతయ్. షుగర్ కూడ రాదు," అన్నాను.

ఆ సంబంధం మళ్లీ మా గడప తొక్కలేదు. ఇంకో సంబంధం కోసం మా అత్త తిరిగింది కానీ, ఆమె కంటే ముందు ఆ మాట ఊళ్లు తిరిగి వచ్చింది. పానకం ఆగిపోయింది. మాత్రలు, జొన్నరొట్టె మొదలయ్యాయి. ఆయన దాహం తగ్గింది, లుంగీ నిలిచింది. చెడిన నరాలు మాత్రం తిరిగి రాలేదు. పిల్లలు పుట్టలేదు. తప్పైందని ఆయన ఏనాడూ అనలేదు. నేనూ క్షమించాననలేదు. లెక్క సరిపోయింది.

కొన్ని నెలలకు గొడ్లకొట్టం గోడ దగ్గర చీమలు మాయమయ్యాయి. మా అత్త అక్కడ నిలబడి చాలాసేపు నేలను చూసింది.

"నీ పాపిష్టి నోటికి చీమలు కూడా అలిగి పోయినయ్," అంది. "నా మొక్కు నువ్వే చెడగొట్టినవ్."

అయినా మానలేదు. రోజూ నూక, చక్కెర కలిపి ఆ గోడ దగ్గరే చల్లేది. చీమలు రాలేదు, మా కోళ్లు వచ్చి తినేవి. ఓ రోజు నేను అరుగు మీది నుంచే కేకేశాను.

"అత్తమ్మా, ఇంక నూక ఒక్కటే వేయి. కోళ్లకన్నా షుగర్ రానీయకు. గుడ్లు పెట్టాలె గదా!"